వినికిడి

ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ థాక్స్టన్ గారి సమాధి రాయి
చెక్కింది నేనే.
అక్షరానికి ఆరు సెంట్లు.
పెద్ద బేరం తగిలిందనుకుని
చెసపీక్ ఒడ్డున పడవలోంచి పలక దింపించాక
వీలునామా విప్పారు:
పుట్టిన ఏడు, పోయిన ఏడు,
కింద ఒక్క ముక్క,
"వాదన విన్నాడు."
ఆ రాత్రి నా భార్య ప్రూడెన్స్ లెక్క వేసి
మాట్లాడకుండా దీపం ఊదేసింది.

లా చదువుతున్నానన్నావు, నీకు తెలిసే ఉంటుంది.
బల్లకట్టు నడిపేవాడి కొడుకు.
రెండు ఒడ్లకీ కట్టిన మోకు
ఎంత బిగిస్తే తెగుతుందో
ఎంత వదిలితే కొట్టుకుపోతామో
పదేళ్లకే అరచేతులకి తెలుసు.
తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు పట్టుకున్నదీ ఆ మోకునే.

గవర్నరు సిపాయిలు
కోర్టు గుమ్మంలో బూట్ల బురద రాలుస్తూ నిలబడితే
కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు:
"మనం రాసుకున్న కాగితం ఒకటుంది.
అది నా నెత్తి మీదా ఉంది,
మీ దొర నెత్తి మీదా ఉంది.
టోపీలు తీయండి."
తీశారు.
నేను చూశాను. ఆ రోజు కిటికీ గట్టు బాగుచేస్తున్నాను.
ఒకడి జుట్టులో గడ్డిపరక ఉంది.

మంచివాడే.
జోడు కుదరని మేజోళ్లతో సంతకొచ్చి
పీతలు బేరమాడి, ఓడిపోయి, నవ్వేవాడు.

ఆయన నల్లగౌను ఉతికేది కెజాయా.
కొండ మీది హాలెట్ వాళ్ల సొత్తు. వారానికి రెండు రోజులు అద్దెకిచ్చేవారు,
గుర్రాన్ని ఇచ్చినట్టు.
వాళ్ల అమ్మమ్మ ఐర్లాండు ఓడ దిగినప్పుడు
ఏడేళ్ల ఒప్పందపు కూలీ, బానిస కాదు.
అమ్మమ్మ చెబితే అమ్మ వింది,
అమ్మ చెబితే తను వింది.
అర్జీ పెట్టింది.
డబ్బడక్కుండా బాల్టిమోర్ నుంచి లాయరొచ్చాడు.

థాక్స్టన్ రెండు రోజులు విన్నాడు,
గడ్డం కింద చెయ్యి పెట్టుకుని,
ఒక్కసారైనా గడియారం వైపు చూడకుండా.
మూడో రోజు చదివాడు:
విన్న మాట సాక్ష్యం కాదు.
చూసినవాళ్లు రావాలి.

చూసినవాళ్లు చర్చి వెనక
రాళ్లు లేని వరసలో ఉన్నారు.

నోటి మాట నీటి మూట.
ఆ సోమవారం కూడా కెజాయా నీళ్లు మోసింది,
గౌను ఉతికింది,
కాలరు దగ్గర మరక వదల్లేదని
మళ్లీ ఉతికింది.

టోపీల తీర్పు బడిపిల్లలు అప్పజెబుతారు.
ఈ తీర్పు ఎవరూ అప్పజెప్పరు.
కానీ పక్క జిల్లాలో, దాని పక్క జిల్లాలో
పుస్తకం తెరిచి, ఆ పేజీ మీద వేలు పెట్టి
ఎందర్ని వెనక్కి పంపారో.
అదీ ఆయన కట్టిన మోకే.
ఇంకా బిగువుగానే ఉంది.

రాయి మీద "విన్నాడు" దగ్గరికొచ్చేసరికి
బుట్టతో కెజాయా వచ్చి నిలబడింది. చదువు రాదు.
ఏం చెక్కుతున్నావంది. చెప్పాను.
చాలాసేపు బుట్ట దించలేదు.
"విన్నాడు. అది నిజమే" అంది.
తర్వాత,
"మా అమ్మమ్మ పేరు మార్జెరీ.
చెక్కమని కాదు.
విను, అంతే."

చెక్కలేదు.
పలక మీద చోటు లేక కాదు.
ఉలి దులుపుకుని, డబ్బు తీసుకుని, ఇంటికెళ్లాను.

ఇరవై రెండేళ్లయింది.
ఇప్పుడు నీకు చెప్పిందీ వినికిడే బాబూ,
ఏ కోర్టులోనూ నిలవదు.
నువ్వయితే విన్నావు.

కాస్త పక్కకి జరుగు.
నీ నీడ రాయి మీద పడుతోంది,
అక్షరాల్లో నాచు పట్టిందో లేదో
నాకు కనబడ్డం లేదు.